నా వైపు గడియారం

“రాజు బంటు రెండు గడులు!” ముందు గదిలోంచి మా ఆయన కేక.

నేను గిన్నెలు తోముతున్నాను. మోచేతుల దాకా నురగ. “రాజు బంటు ఒక్క గడి,” అన్నాను గోడతో. గోడ అవతల ఆయన నా బంటుని ఒక గడి జరిపి నా వైపు గడియారం నొక్కాడు. తన ఎత్తు వేసి తన వైపు నొక్కాడు. “మంత్రి బంటు రెండు!” “నాదీ మంత్రి బంటు రెండు.” మళ్ళీ టక్కు, టక్కు. ఆయన రాజు బంటుని ఇంకో గడి ముందుకు తోశాడు. నేను కుక్కర్ మూత కడిగి బోర్లించాను.

ఆ ఎత్తులు నావి కావు, పళ్ళ డాక్టరువి. క్లబ్బులో మా ఆయనకి కొరుకుడు పడని మనిషి ఆ డాక్టరు. ఆయన ఏ ఓపెనింగ్ ఆడతాడో, ఎన్నో ఎత్తుకి ఏ బంటు తోస్తాడో మా ఆయన కూర్చోబెట్టి నాకు నేర్పించాడు. నేను డాక్టరునై ఆడితే, ఆయన నన్ను విరగ్గొట్టడం సాధన చేస్తాడు. పెళ్ళైన కొత్తలో నేను ఒక రైల్వే ఇంజనీరుని. తర్వాత చాలా ఏళ్ళు సిమెంటు డీలర్ని. ఇప్పుడు పళ్ళ డాక్టర్ని. మధ్యలో ఎప్పుడైనా నేను నేనుగా ఆడానా అంటే, ఆడలేదు. ఓపెనింగ్ అయిపోయి, కాయలు బయటికొచ్చి, ఇక అసలు ఆట మొదలవుతుందనగా ముందు గదిలోంచి “చాలు” అని వినపడుతుంది. కాయలు మళ్ళీ మొదటి వరసల్లోకి పోతాయి. “రాజు బంటు రెండు గడులు!” మళ్ళీ మొదలు.

మావాళ్ళు ఆడేది నిదానంగా తలపట్టుకుని ఆడే చదరంగం కాదు, బ్లిట్జ్. మనిషికి ఐదు నిమిషాలు, అంతే. ఎత్తు వేసి మన వైపు మీట నొక్కితే మన కాలం ఆగి, ఎదుటివాడి కాలం నడుస్తుంది. నొక్కకపోతే మన కాలమే కారిపోతూ ఉంటుంది. కాలం అయిపోయినవాడు ఓడినట్టే, బోర్డు మీద ఎన్ని కాయలున్నా సరే. “ఇందులో ఆలోచించడానికి టైముండదు. ఓపెనింగ్ చేతికి రావాలి, నిద్రలో లేపినా రావాలి,” అంటాడు మా ఆయన. ఆయన చేతికి రావడానికి నా నోరు కావాలి.

మొదట్లో నేను ఎదురుగా కూర్చునే ఆడేదాన్ని. స్టవ్ మీద పాలు పెట్టి, వచ్చి ఒక ఎత్తు వేసి, పరిగెత్తి, మళ్ళీ వచ్చి. ఒకసారి తడిచేత్తో గడియారం నొక్కాను. “ముట్టుకోకు!” అన్నాడు. పిల్లలు స్విచ్ బోర్డులో వేలు పెడితే అరుస్తామే, అలా. “నీ చేతులెప్పుడూ తడే. పాడైపోతుంది. నీ వైపు కూడా నేనే నొక్కుతాలే.” అప్పట్నుంచీ రెండు వైపులా ఆయనే. పైగా అది నాకు చేసిన మేలని అత్తయ్య కూడా అంది. “చూశావా, నీకు చెయ్యి కదిపే పని కూడా పెట్టడం లేదు వాడు.” అత్తయ్య ఆ మాట అన్నప్పుడు నా చేతుల్లో ఆవిడ దుప్పటి ఉంది, పిండుతున్నాను.

నాకు ఉద్యోగం ఉంది. పెద్ద ఆస్పత్రిలో టెలిఫోన్ బోర్డు. “నమస్కారం, చెప్పండి. పట్టుకోండి, కలుపుతాను.” బటన్ నొక్కుతాను, గొంతు వెళ్ళిపోతుంది. ఏడుస్తూ మొదలుపెట్టిన మనిషి ఊరుకుందో లేదో, రిపోర్టు అడిగినాయన ఏం విన్నాడో నాకు తెలియదు. అన్ని మాటలకీ మొదలు మాత్రమే నా చెవిలో ఉంటుంది. మా సూపర్‌వైజర్ వారానికోసారైనా అంటాడు, “మీకేంటమ్మా, ఫ్యాను కింద కూర్చుని బటన్లు నొక్కడమేగా,” అని. బోర్డు దగ్గర్నుంచి బాత్రూముకి వెళ్ళాలంటే ఆయన్ని అడగాలి. ఆయన ఒక్కోసారి వాచీ చూసి, “ఇప్పుడేగా వెళ్ళొచ్చారు,” అంటాడు, పక్కవాళ్ళు వినేలా.

సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ మొదళ్ళే. అందులో నాకు ఒక కాయ మీద మనసు పడింది. డాక్టరు ఓపెనింగులో రాజు బంటు ఒక్క గడే జరుగుతుంది. దాంతో లోపల మంత్రి పక్కనున్న శకటుకి దారి మూసుకుపోతుంది. శకటు ఐమూలగా తప్ప నడవలేదు, ఆ ఐమూలలో నిలబడింది మన బంటే. శత్రువులెవరూ కాదు, సొంత ఇంటివాళ్ళే దారికి అడ్డం. గుర్రాలు గెంతి బయటపడతాయి, మంత్రి కూడా గడప దాటుతుంది. అది మాత్రం పుట్టిన గడిలోనే ఉంటుంది. “చాలు” అని వినపడేసరికి ప్రతిసారీ అది ఇంట్లోనే. “తర్వాత ఇది బయటికి వస్తుందా?” అని ఒకసారి అడిగాను. “దాంతో మనకి పని లేదు. అది డాక్టరు తలనొప్పి,” అన్నాడు మా ఆయన. నాకు మాత్రం ఉల్లిపాయలు తరుగుతున్నా, ఎవరికో లైను కలుపుతున్నా అదే ఆలోచన. ఏ బంటు జరిగితే దానికి దారి దొరుకుతుంది? ఎటు తిరిగితే వెలుతురు? ఎవరికీ చెప్పకుండా దాన్ని మనసులోనే నడిపించేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన మంచి హుషారులో ఉన్నప్పుడు అడిగాను. “ఏమండీ, ఒక్కసారి నాతో చివరిదాకా ఆడకూడదా? మీరు, నేను. డాక్టరు లేకుండా.”

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. కిటికీలోంచి చూస్తూ, “ఆలోచిద్దాంలే,” అన్నాడు.

అది ఆయన మాట. ఏది అడిగినా అదే. వేరే ఊరి ఆస్పత్రిలో నాకు పెద్ద పోస్టు వచ్చినప్పుడు, “ఆలోచిద్దాంలే.” మా అమ్మకి బాగాలేదు, ఒక నెల వెళ్ళి దగ్గరుండి వస్తానన్నప్పుడు, “ఆలోచిద్దాంలే.” మా అక్క ఫోన్ చేసి, “ఏమన్నాడే మీ ఆయన?” అంటే, “కాదనలేదక్కా, ఆలోచిస్తున్నారు,” అని చెప్పేదాన్ని. నా గొంతులో కొంచెం గర్వం కూడా ఉండేది. మా బావ అయితే ఠక్కున వద్దనేస్తాడు. ఈయన అలా కాదు, ఆలోచిస్తాడు.

క్లబ్బులో ఏటా ఒక బ్లిట్జ్ పోటీ. గెలిచినవాళ్ళు పెద్ద పోటీకి వెళ్తారు. రెండేళ్ళుగా డాక్టరే వెళ్తున్నాడు. ఈ ఏడు ఎలాగైనా వెళ్ళాలని మా ఆయన నన్ను పొద్దునా సాయంత్రం డాక్టర్ని చేసి ఆడించాడు. ఆ రోజు పొద్దున్నే తయారై వెళ్ళాడు, గడియారం మాత్రం ఇంట్లో మర్చిపోయాడు. ఫోన్ చేశాడు. “పట్రా. తొందరగా. గుడ్డలో చుట్టి తీసుకురా, తడి తగలకుండా.”

టైర్ల షాపు మీద మేడగది ఆ క్లబ్బు. మెట్లెక్కుతుంటే కిందనుంచి రబ్బరు వాసన వెంట వచ్చింది. లోపల బల్లలు, బోర్డులు, అన్నీ మగవాళ్ళే. సెక్రటరీ గారు కాగితం పట్టుకుని తల గోక్కుంటున్నాడు. సిమెంటు డీలరు రాలేదట, ఒక మనిషి తక్కువ. ప్రతి రౌండులో ఒకరు ఖాళీగా కూర్చోవాలి.

“మీ మిసెస్‌కి ఆట తెలుసా?” అన్నాడు సెక్రటరీ మా ఆయనతో, నేను అక్కడ లేనట్టు.

మా ఆయన గడియారం మీద గుడ్డ విప్పుతున్నాడు. “ఎత్తులు తెలుసు. ఆట తెలీదు.”

“అదే చాలు. జత కోసమేగా. కూర్చోమనండి.”

“ఇంటి దగ్గర అమ్మ ఒక్కతే ఉంది,” అన్నాడు మా ఆయన. లెక్కేసుకున్నట్టు చుట్టూ చూసి, “సరే, కూర్చో. అందరికీ తలా ఒక పాయింటు పంచు,” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అలవాటు.

మొదట నా ఎదురుగా కండక్టరు గారు. బస్సుల్లో టికెట్లు కొట్టి కొట్టి రిటైరైన పెద్దాయన. వేళ్ళు లావు. రెండు ఎత్తులేసి నేను ఊరికే చూస్తూ కూర్చుంటే ముందుకు వంగాడు.

“అమ్మా, టికెట్ కొట్టారు, బెల్ కొట్టలేదు. బండెలా కదుల్తుంది?”

నాకు అర్థం కాలేదు. ఆయన గడియారం వైపు గడ్డం చూపించాడు. “మీ వైపు నొక్కాలి. మీ టైము పోతోంది.”

నా చెయ్యి మీట దాకా వెళ్ళి ఆగింది. చేతిని పమిటకి రుద్దుకుని, పొడిగా ఉందో లేదో చూసుకుని నొక్కాను. మీట చల్లగా ఉంది. ఆయన వైపు అంకెలు పరిగెత్తడం మొదలయ్యాయి, నావి నిలబడిపోయాయి. ఆ తడిచెయ్యి రోజు తర్వాత నా కాలాన్ని నేను ఆపడం అదే మొదలు.

“రైట్!” అన్నాడు కండక్టరు గారు. ఆ తర్వాత కూడా మర్చిపోయినప్పుడల్లా, “బెల్లమ్మా, బెల్లు,” అని గుర్తుచేస్తూనే ఉన్నాడు. నేను ఓడిపోయాను. రాజుని మూలకి తరిమి తరిమి పట్టుకున్నాడు. కానీ ఆట చివరిదాకా జరిగింది. ఎవరూ చాలనలేదు. ఓడిపోవడం కూడా ఇంత బాగుంటుందని నాకు తెలియదు. “మళ్ళీ ఆడదాం తల్లీ, ఏదో రోజు,” అన్నాడాయన, బంట్లు సర్దుతూ.

ఆ తర్వాత ఇంకొందరితో ఆడాను. నొక్కడం నేర్చుకున్నాను. ఎత్తు, మీట. ఎత్తు, మీట. ఒక ఆట గెలిచాను కూడా. ఎదుటాయన, “ఆడవాళ్ళని చూసి జాలిపడితే ఇంతే,” అని లేచి వెళ్ళాడు.

డాక్టరు దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ ఈయన్ని నా ఒంటి మీద వేసుకుని తిరిగాను, మొహం చూడటం మాత్రం ఇదే మొదలు. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. ఆయనకి తెల్ల కాయలు, నాకు నల్లవి. రాజు బంటు రెండు గడులు జరిపాడు. నేను ఒక్క గడి. ఆయన ఎత్తు, నా ఎత్తు. కాసేపటికి తల ఎత్తాడు.

“మేడమ్, ఇది నా ఓపెనింగ్ కదా?”

“మీదేనండి. మా ఇంట్లో రోజూ మీరే ఆడతారు.”

ఆయనకి అర్థమైందో లేదో, పెద్దగా నవ్వాడు. తన ఓపెనింగ్‌ని ఎదురుగా నిలబడి ఎప్పుడూ చూసుకోలేదేమో, తడబడ్డాడు. ఆట మధ్యలో చెయ్యి చాచి, “సగం సగం అనుకుందామా?” అన్నాడు. అలా ఒక పద్ధతి ఉందని నాకు తెలియదు. పెద్ద మనిషి చెయ్యి చాచితే కాదనడం తెలియదు. ఇచ్చేశాను. నా శకటు ఇంకా ఇంట్లోనే ఉంది.

మా ఆయన మెట్ల దగ్గరికి పిలిచి, టీ గ్లాసు నా చేతిలో పెట్టాడు. ఆయన నాకు టీ అందించడం ఎప్పుడో గుర్తులేదు. మొహం వెలిగిపోతోంది. “డాక్టరుకి అర పాయింటు కోసేశావు! నేనెలాగూ వాణ్ణి పొద్దున కొట్టాను. ఇక మిగిలింది ఒక్క ఆటే. నాకు నీతోనే.” నా వైపు కొంచెం వంగాడు. “అది గెలిస్తే అయిపోయింది. నేనే వెళ్తాను.”

నేను టీ ఊదుకుంటున్నాను.

“మామూలుగా ఆడు,” అన్నాడు. “ఇంట్లో ఆడినట్టే. అర్థమైందిగా?”

అర్థమైంది. ఇంట్లో ఆడినట్టు అంటే ఓపెనింగ్ దాకా ఆడి, ఆ తర్వాత ఆయన ఎటు తోస్తే అటు పడిపోవడం. సరేనని తల ఊపుదామనుకున్నాను. తల ఊపడం నాకు కష్టం కాదు. కానీ ఇంకో సంగతి తట్టింది. ఎంత అడిగినా రాని ఆట ఇప్పుడు దానంతటదే వచ్చి ఎదురుగా కూర్చోబోతోంది. మీరు, నేను. చివరిదాకా. ఇక్కడ ఎవరూ చాలనడానికి లేదు. మళ్ళీ ఇలాంటిది రాదు. వచ్చే ఏడు సిమెంటు డీలరు వస్తాడు, నేను ఇంట్లో ఉంటాను.

“టీలో చక్కెర ఎక్కువైంది,” అన్నాను.

ఆయనకి తెల్లవి, నాకు నల్లవి. గడియారం మాదే, నేను గుడ్డలో చుట్టి తెచ్చిందే. మీట నొక్కితే తప్ప చప్పుడు చెయ్యదు. పక్కన కూర్చుని అంకెలు మింగుతూ ఉంటుంది. రాజు బంటు రెండు గడులు. ఒక్క గడి. బంటు ఎదురుగా బంటు. ఆయన బంటు ముందుకు వచ్చింది. ఇక్కడ డాక్టరు శకటు ముందరి బంటుని తోసి గొడవ పెట్టుకుంటాడు. మా ఆయన చెయ్యి అప్పుడే జవాబు కోసం గాల్లోకి లేచింది. నేను మంత్రి వైపు గుర్రం ముందరి బంటుని, ఎవరికీ అక్కర్లేనిదాన్ని, ఒక్క గడి జరిపి మీట నొక్కాను.

చెయ్యి గాల్లోనే ఆగింది. “అది డాక్టరు ఆడడు,” అన్నాడు గొంతు తగ్గించి.

“ఇక్కడ డాక్టరు లేడు కదండీ.”

 ఆయన చకచకా ఆడాడు, క్లబ్బులో ఆయన్ని మెరుపు అని పిలిచేది అందుకే. నేను ఆయనంత వేగంగా ఆడలేను. కానీ ఆ చేతులు నాకు తెలుసు. ఏ కాయ మీద ఎంతసేపు నిలబడతాయో, ఏది నచ్చకపోతే బొటనవేలు ఎలా కదులుతుందో గోడ అవతల నుంచి విని కూడా నేర్చుకున్నాను. ఆయన రాజుని మూలకి దాచి, ఏనుగుని దాని పక్కకి తెచ్చుకున్నాడు. మంత్రిని ముందుకు తీసి నా మీదకి గురిపెట్టాడు.  అప్పుడు చూశాను. ఆయన మంత్రి, దాని వెనక ఆయన ఏనుగు, రెండూ ఒకే ఐమూల గీత మీద ఉన్నాయి. నేను ఆ చిన్న బంటుని జరిపిన చోట ఒక సందు తెరుచుకుని ఉంది. సందు చివర, బోర్డు అంచున, ఒక గడి ఖాళీ. పుట్టినప్పట్నుంచీ ఇంట్లోనే ఉన్న నా శకటు ఆ గడిలో నిలబడితే, మంత్రి తప్పుకోక తప్పదు. తప్పుకుంటే వెనకున్న ఏనుగు పోతుంది. శకటుని తినేద్దామంటే, ఇంకా ఇల్లు కదలని నా గుర్రం దానికి కాపలా.

శకటుని తీశాను. ఇన్నేళ్ళ తర్వాత బయటికి వచ్చింది. ఆ గడిలో పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. తుడుచుకున్నాను, తడి లేకపోయినా.

ఆయన బోర్డు చూశాడు. ఒకసారి పక్కకి చూశాడు. మళ్ళీ బోర్డు చూసి, చెయ్యి గడ్డం కింద పెట్టుకుని వెనక్కి వాలాడు. కదల్లేదు.

ఆ కాసేపూ నేను ఎంత సుఖంగా ఉన్నానో చెప్తే నవ్విపోతారు. మెరుపు ఆగిపోయాడు. నేను వేసిన ఎత్తు ముందు ఆగి, ఆలోచిస్తున్నాడు. కనుబొమల మధ్య ఆ గీత నాకు తెలుసు, డాక్టరు గురించి ఆలోచించేటప్పుడు పడుతుంది, పెద్ద పోటీల గురించి చదివేటప్పుడు పడుతుంది. నా గురించి పడటం నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన తలలో ఇప్పుడు నేనున్నాను, నా శకటు ఉంది, దాని నుంచి తప్పించుకోలేక అటూ ఇటూ వెతుక్కుంటున్నాడు. పాపం అనిపించింది కూడా. ఏనుగు పోతే పోనివ్వండి, ఇంకా ఆట ఉంది కదా, ఇద్దరం చివరిదాకా ఆడదాం అని చెప్పాలనిపించింది. ఇంటికెళ్ళాక దీని గురించి మాట్లాడుకుంటాం. అక్కడ ఆ బంటు ఎందుకు జరిపావే అని అడుగుతాడు. రోజూ ఉల్లిపాయలు తరుగుతూ అదే ఆలోచించేదాన్నండీ అని చెప్తాను. ఆశ్చర్యపోతాడు. పక్క బల్లల వాళ్ళు ఆటలు ముగించుకుని వచ్చి మా చుట్టూ నిలబడ్డారు. డాక్టరు మెడ చాచి చూస్తున్నాడు. కండక్టరు గారు అదో రకంగా దగ్గాడు. ఇంకోసారి దగ్గాడు. సెక్రటరీ ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. ఆట మధ్యలో బయటివాళ్ళు మాట్లాడకూడదని రూలు. అదంతా చూశాను. చూసి, అంతమంది నా ఎత్తునే చూస్తున్నారని మురిసిపోయాను.

అప్పుడు మా ఆయన గడ్డం కింద నుంచి చెయ్యి తీసి, గడియారం వైపు చూపించాడు.

“టైం,” అన్నాడు.

నా వైపు అన్నీ సున్నాలు.

ఆయన చెయ్యి చాచాడు. ఎందుకో అర్థం కాకుండానే ఇచ్చాను. “మేడమ్ నొక్కలేదు,” అన్నారెవరో. “బోర్డు మీద గెలిచింది మేడమే కదా,” అన్నాడు డాక్టరు. “రూలు రూలేనండి,” అన్నాడు సెక్రటరీ. కండక్టరు గారు మా ఆయన వంక చూసి, చెప్పులు వెతుక్కోవడానికి వెళ్ళిపోయాడు. మా ఆయన అందరి వైపు తిరిగి నవ్వుతూ అన్నాడు. “ఆఫీసులో రోజంతా ఊరందరి కోసం బటన్లు నొక్కుతుంది. ఇక్కడ తన బటనే మర్చిపోయింది!”

గదంతా నవ్వింది. ఈసారి నాకు నవ్వు రాలేదు. ఆ నవ్వుల మధ్య నా చేతిని చూసుకుంటున్నాను. కండక్టరు గారి దగ్గర నేర్చుకుంది, డాక్టరు దగ్గర మర్చిపోలేదు, ఈయన దగ్గర కూడా ఆ ఎత్తు దాకా నొక్కుతూనే వచ్చింది. సంతోషం రాగానే మర్చిపోయింది. ఎదురుగా ఆయన ఉన్నాడు కదా, ఆయనే నొక్కుతాడులే అనుకుంది.

దారిలో బండి మీద వెనక కూర్చుని అడిగాను. ఆయన గెలిచిన కప్పు సంచిలో పెట్టి నా ఒళ్ళో ఉంది, దాని మూత నా డొక్కలో గుచ్చుకుంటోంది.

“మీరు ఆలోచిస్తున్నారనుకున్నాను.”

“ఏంటీ?” గాలికి వినపడలేదు.

“నేను శకటు పెట్టాక. అంతసేపు ఆలోచిస్తున్నారనుకున్నాను.”

“ఆలోచించడానికేముంది అక్కడ?” తల తిప్పకుండానే అన్నాడు, మామూలుగా, రేపు నీళ్ళెప్పుడొస్తాయో చెప్తున్నట్టు. “ఏనుగు పోయేది. చూస్తే నువ్వు నొక్కలేదు, నీ టైము పోతోంది. ఇంక నేను చెయ్యాల్సిందేముంది? కదలకుండా కూర్చుంటే చాలు. అదే అయిపోతుంది.”

“కండక్టరు గారు చెప్పారు, నేను మర్చిపోతే.”

“ఆయనాడేది ఆటేనా?”

బండి గుంతలో పడి లేచింది. కప్పు మూత ఇంకోసారి గుచ్చుకుంది.

కదలకుండా కూర్చుంటే చాలు. ఆ మాట పట్టుకుని నేను వెనక్కి నడిచాను. వేరే ఊరి పోస్టు గురించి అడిగినప్పుడు ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నేను రోజూ ఆయన మొహం చూసేదాన్ని, ఇవాళ చెప్తారేమో అని. చేరాల్సిన తేదీ దాటిపోయింది. “అయ్యో, దాటిపోయిందా?” అన్నాడు. అమ్మ దగ్గరికి వెళ్తానన్నప్పుడు కూడా గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు, కనుబొమల మధ్య గీత పడింది. నేను బట్టలు కూడా సర్దుకోలేదు, ఆయన ఆలోచన పూర్తి కాకుండా సర్దుకుంటే బాగుండదని. ఒక రోజు పొద్దున అక్క ఫోన్ చేసింది. ఇక వెళ్ళి దగ్గరుండాల్సిన అవసరం లేకపోయింది. ఆ రోజు ఆయనే బండి మాట్లాడాడు, నా బట్టలు కూడా ఆయనే సర్దాడు. ఎంత మంచివాడు అనుకున్నాను.

ఆలోచించలేదు. ఎప్పుడూ ఆలోచించలేదు. నా కాలం పోతోందని ఆయనకి తెలుసు. నాకు తెలియదని కూడా తెలుసు.

ఇంట్లో అత్తయ్య కప్పు అటూ ఇటూ తిప్పి చూసి, కథంతా కొడుకు నోట విని, కళ్ళజోడు పైకి తోసుకుంది. “నొక్కలేదని చెప్పొచ్చు కదరా దానికి?”

“చెప్పాలని రూలు లేదమ్మా.”

“రూలు లేకపోతే నోరు కూడా లేదుట్రా నీకు?”

నేను తల ఎత్తి చూశాను. ఇన్నేళ్ళలో ఆవిడ నా వైపు మాట్లాడటం అదే మొదలు. ఇంకో మాట అంటుందేమోనని తడిచేతులతో గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ నన్నూ చూసింది, కొడుకునీ చూసింది. కప్పుని చీర కొంగుతో తుడిచి, టీవీ పక్కన పెట్టింది.

“సరేలే, గెలిచావుగా. ఏమ్మా, అన్నం వండావా? పొద్దున్నుంచీ ఒక్కదాన్నే కూర్చున్నాను ఇంట్లో.”

వండాను. తిన్నారు. గిన్నెలు తోమడానికి నిలబడ్డాను. పెద్ద పోటీలో మొదటి ఆట ఎవరితోనో ఆయన అప్పుడే కనుక్కున్నాడు, ఎవరో కాలేజీ లెక్చరరట. గుమ్మం దగ్గరికి వచ్చి ఆ లెక్చరరు ఎలా ఆడతాడో నాకు చెప్పాడు. మొదట గుర్రం తీస్తాడట, తర్వాత బంటు. “మూడు వారాలే ఉంది. ఇవాళ్టి నుంచే మొదలుపెడదాం,” అన్నాడు. వెళ్ళి కాయలు పేర్చుకున్నాడు. నేను ఇంకెక్కడికీ పోయేదాన్ని కాదు. పొద్దున్నే బోర్డు ముందు కూర్చుని లైన్లు కలపాలి, సాయంత్రం ఈ గిన్నెలు తోమాలి, వచ్చే ఆదివారం దుప్పట్లు పిండాలి. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

“రాజు బంటు రెండు గడులు!” ముందు గదిలోంచి కేక. టక్కుమని గడియారం నొక్కిన చప్పుడు.

కుళాయి కట్టేశాను. చేతులు తుడుచుకున్నాను, ఒక్కో వేలూ, గోళ్ళ సందుల దాకా, పూర్తిగా పొడిబారే వరకూ. స్టూలు లాక్కుని స్టవ్ పక్కన కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

“ఇదిగో, వినపడిందా? రాజు బంటు రెండు!”

వినపడింది.

“ఏం చేస్తున్నావక్కడ? నీ టైము పోతోంది!”

ఇన్నేళ్ళకి చెప్పాడు. నేను గోడ వైపు చూస్తూ కదలకుండా కూర్చున్నాను.

“ఆలోచిస్తున్నానండీ,” అన్నాను.